హన్మకొండలో జిమ్‌లో చేరుతున్నారా? మొదటి మూడు నెలలు ఇలా నిలబడండి

ప్రతి జనవరి మొదటి వారంలో మా జిమ్ ముందు చెప్పుల స్టాండ్ నిండిపోతుంది. ఫిబ్రవరి చివరికి మళ్లీ పాత మొహాలే కనిపిస్తాయి. ఆరేళ్లుగా ఇదే చూస్తున్నాను. మానేసినవాళ్లలో బద్ధకస్థులు తక్కువ. కొందరు ఇంటికి దూరంగా ఉన్న జిమ్‌లో చేరారు. కొందరు మొదటి రోజే ఒళ్లు హూనం చేసుకున్నారు. ఇంకొందరు నెల తిరిగేసరికి కండలు రాలేదని దిగులుపడి ఆగిపోయారు. ఈ మూడింటినీ తప్పించుకోవచ్చు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో కొత్తగా జిమ్‌కు వెళ్లాలనుకునేవారి కోసం నాకు తెలిసింది వరుసగా చెప్తాను.

ముందు దూరం చూడండి, సామాన్లు తర్వాత

ఇంతకుముందు నేను వెళ్లిన జిమ్ నక్కలగుట్టలో ఉండేది. గోడంతా అద్దాలు, ఏసీ, కొత్త మిషన్లు. మా ఇల్లేమో గోపాల్‌పూర్ వైపు, ఉద్యోగం వరంగల్ చౌరస్తా దగ్గర. సాయంత్రం ఆరింటికి బయలుదేరితే హన్మకొండ చౌరస్తా దాటేసరికే సగం ఓపిక అయిపోయేది. ఒక నెలలో లెక్క చూసుకుంటే వెళ్లింది తొమ్మిది రోజులు. తర్వాత మా వీధి చివర, షాపుల పైన ఉన్న చిన్న జిమ్‌కు మారాను. ఏసీ లేదు, మిషన్లు పాతవే, కానీ ఇంటి నుంచి నడిస్తే ఐదు నిమిషాలు. ఆరేళ్లుగా అక్కడే చేస్తున్నాను.

కాబట్టి ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే జిమ్ ఉంటే దాన్నే ముందు చూడండి. లేకపోతే మీరు రోజూ ఆఫీసుకో కాలేజీకో వెళ్లే దారిలో ఉన్నది చూడండి. ఇంటికి వచ్చి, టీ తాగి, మళ్లీ బండి తీసి వెళ్లాలి అనుకుంటే ఆ ప్రయాణం ఎక్కువ రోజులు సాగదు. కాజీపేటలో రైల్వే షిఫ్టు డ్యూటీలు చేసేవారు మాత్రం తెరిచే వేళలు తప్పకుండా అడగాలి. చిన్న జిమ్‌లు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు.

నచ్చిన జిమ్‌ను మీరు రోజూ రాబోయే వేళలోనే వెళ్లి చూడండి. మధ్యాహ్నం పన్నెండింటికి చూస్తే ఏ జిమ్ అయినా ఖాళీగా, శుభ్రంగానే కనిపిస్తుంది. సాయంత్రం ఆరున్నరకు వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది: బెంచ్ కోసం ఎంతమంది నిలబడుతున్నారు, చెమట వాసన బయటికి పోయే దారి ఉందా, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరుగుతున్నాయా. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటినప్పుడు గాలి ఆడని గదిలో బరువులు ఎత్తడం ప్రమాదం. కేబుల్ మిషన్ల వైరు పోగులు పోగులుగా లేచి ఉందేమో చూడండి. బెంచ్ మీద కూర్చుని అటూ ఇటూ కదలండి, ఊగితే ట్రైనర్‌కు చెప్పండి. బాత్రూమ్, తాగునీళ్లు చూడండి. మూడో అంతస్తులోనో సెల్లార్‌లోనో ఉంటే, ఏదైనా జరిగితే బయటపడే దారి ఇంకోటి ఉందో లేదో కూడా గమనించండి. దీన్ని ఎవరూ అడగరు, అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇదే.

ఒక మంచి గుర్తు చెప్తాను. "ఎన్ని నెలల ప్యాకేజీ తీసుకుంటారు?" అని కాకుండా, "ఇంతకుముందు ఏమైనా దెబ్బలు తగిలాయా? నడుమునొప్పి, మోకాళ్లనొప్పి ఉందా?" అని ముందు అడిగే ట్రైనర్ దొరికితే ఆ జిమ్‌ను వదలకండి.

ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి

నక్కలగుట్ట కంటే ముందు ఇంకో జిమ్‌లో చేరాను. ఏడాదికి కడితే నాలుగు నెలల ఫీజు తగ్గుతుందన్నారు. కట్టాను. ఐదో నెలలో ఒక పొద్దున వెళ్లేసరికి షట్టర్‌కు తాళం ఉంది, యజమాని ఫోన్ స్విచ్చాఫ్. నా దగ్గర రసీదు కూడా లేదు. ఆ డబ్బు తిరిగి రాలేదు.

మొదట ఒక నెలకే కట్టండి. ఆ నెలలో కనీసం పన్నెండు రోజులు వెళ్లగలిగితే మూడు నెలలకు కట్టండి. అంతకు మించి వద్దు. రసీదు అడగండి, అందులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాయించుకోండి. జ్వరం వచ్చినా ఊరికి వెళ్లినా ఆ రోజులు కలుపుతారా అని ముందే తేల్చుకోండి. పర్సనల్ ట్రైనింగ్‌కు వేరే డబ్బులు అడుగుతారు. ఆరోగ్య సమస్య ఉన్నవారికి, బొత్తిగా కొత్తవారికి ఒక నెల తీసుకుంటే మేలే. కానీ మొదటి రోజే ఒత్తిడి చేస్తే "నెల చూసి చెప్తాను" అనండి.

డబ్బు కట్టే స్థితి లేకపోతే ఆగిపోవాల్సిన పనిలేదు. పార్కుల్లో పెట్టిన ఓపెన్ జిమ్‌లు, పబ్లిక్ గార్డెన్, యూనివర్సిటీ రోడ్లు పొద్దున పూట మనవే. వారానికి 150 నిమిషాలు వేగంగా నడవడం, రెండు రోజులు కండరాలకు పనిచెప్పే వ్యాయామం చేయడం పెద్దవాళ్లకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. దండీలు, బస్కీలు తీస్తే ఆ రెండో భాగం ఇంట్లోనే పూర్తవుతుంది. పాత తాలింఖానాల్లో ఇవే చేయించేవారు. ఈరోజు జిమ్‌లో స్క్వాట్ అంటున్నది బస్కీనే.

చేరేముందు ఒక్క పరీక్ష

నలభై దాటినవారు, బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో ఎవరికైనా గుండెపోటు వచ్చినవారు ముందు డాక్టర్‌కు చూపించుకోండి. బీపీ, షుగర్ పరీక్ష మీ దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. వ్యాయామం మధ్యలో ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆపేయండి. గ్యాస్ అనుకుని కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయించండి.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి

లీటరు నీళ్ల సీసా, చిన్న తువ్వాలు, జిమ్ లోపలే వేసుకునే బూట్లు, ఒక చిన్న నోట్‌బుక్. అంతే. బూట్ల అడుగు మెత్తగా స్పాంజిలా ఉంటే స్క్వాట్ చేసేటప్పుడు కాలు ఊగుతుంది, బల్లపరుపుగా ఉన్నవి మంచివి. ఉంగరం, గొలుసు ఇంట్లోనే పెట్టి రండి. కడ్డీకి వేలాడినప్పుడు ఉంగరం ఇరుక్కుని వేలు చీలిన మనిషిని నేను కళ్లారా చూశాను.

మొదటి రెండు వారాలు

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

నేను చేరిన మొదటి రోజు పక్కన చేస్తున్న కుర్రాళ్లను చూసి ఐదు సెట్లు (ఆపకుండా వరుసగా చేసే ఒక్కో విడత ఒక సెట్) స్క్వాట్లు, ఆపైన కాళ్లతో బరువు నెట్టే లెగ్ ప్రెస్ చేశాను. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. మూడో రోజు కూర్చుంటే లేవలేకపోయాను. పది రోజులు జిమ్ వైపు వెళ్లలేదు. కొత్త పని చెప్పినప్పుడు కండరాలు ఒకటి నుంచి మూడు రోజుల పాటు నొప్పి పుట్టడం మామూలే. కానీ రోజువారీ పనులు ఆగిపోయేంత నొప్పి వచ్చిందంటే మోతాదు మించిందని అర్థం. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. కండరం బాగా దెబ్బతిని అందులోని పదార్థం కిడ్నీల మీద పడుతోందనడానికి అది గుర్తు.

వారానికి మూడు రోజులు చాలు. సోమ, బుధ, శుక్ర అనుకోండి. మన జిమ్‌లలో చేరిన రోజే "సోమవారం ఛాతీ, మంగళవారం వీపు" అని ఆరు రోజుల షెడ్యూల్ రాసి ఇస్తారు. అది ఏళ్ల తరబడి చేస్తున్నవారికి. కొత్తవారు వెళ్లిన ప్రతిసారీ ఒళ్లంతటికీ పని చెప్పాలి. పైగా సోమవారం సాయంత్రం ప్రతి జిమ్‌లో అందరూ ఛాతీయే చేస్తారు, బెంచ్ దొరకదు. ఆ రోజు కాళ్లతో మొదలుపెట్టండి, స్థలం దొరుకుతుంది.

వెళ్లగానే ఐదు నుంచి పది నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడక. దాని ఎర్ర క్లిప్‌ను చొక్కాకు తగిలించుకోండి. కాలు జారి వెనక్కి పోతే క్లిప్‌కు కట్టిన తాడు లాగి, మిషన్ మీది కీ ఊడి బెల్ట్ ఆగిపోతుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. భుజాలు, తుంటి, మోకాళ్లు కాసేపు తిప్పండి. తర్వాత ఈ ఆరు: ఛాతీ దగ్గర డంబెల్ పట్టుకుని స్క్వాట్, మిషన్ మీద ముందుకు నెట్టే చెస్ట్ ప్రెస్, పైనుంచి కిందికి లాగే ల్యాట్ పుల్‌డౌన్, కూర్చుని లాగే రోయింగ్, తేలిక డంబెళ్లను తల పైకి నెట్టే షోల్డర్ ప్రెస్, చివర్లో మోచేతులు, కాలి వేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా ఆపి ఉంచే ప్లాంక్. మొదటి వారం ఒక్కోటి ఒక్క సెట్, రెండో వారం రెండు సెట్లు, ప్లాంక్ తప్ప మిగతావి సెట్‌కు పది పన్నెండు సార్లు. మధ్యలో నిమిషంన్నర విశ్రాంతి. మొత్తం నలభై ఐదు నిమిషాల్లో అయిపోవాలి.

ఎంత బరువు? సెట్ ముగిసేసరికి ఇంకో రెండు మూడు సార్లు చేయగలను అనిపించేంత. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి. బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. నేల మీది రాడ్‌ను నిలబడుతూ పైకెత్తే డెడ్‌లిఫ్ట్ రెండో నెల దాకా వద్దు. నేర్చుకునేటప్పుడు కూడా నడుము వంగకుండా తుంటి దగ్గర వంగడం ముందు ఉత్త చేతులతో వచ్చాకే రాడ్ ముట్టుకోండి. పూర్తి సైజు రాడ్ ఒక్కటే 20 కిలోలు ఉంటుంది. చిన్న జిమ్‌లలో పొట్టి రాడ్లు ఒక్కోటి ఒక్కో బరువు, అడిగి తెలుసుకోండి.

ప్రతి రోజూ నోట్‌బుక్‌లో తేదీ, వ్యాయామం, బరువు, ఎన్నిసార్లు అన్నది రాయండి. పన్నెండు సార్లు తేలిగ్గా వస్తున్నాయంటే తర్వాతిసారి రెండున్నర కిలోలు పెంచండి. మొదటి నెలలో అద్దంలో ఏ మార్పూ కనిపించకపోవచ్చు. కండ పెరిగేముందు, ఉన్న కండను గట్టిగా వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి. అందుకే బలం ముందు వస్తుంది, ఆకారం తర్వాత. అద్దం చూపించని ఆ మార్పు నోట్‌బుక్‌లో కనిపిస్తుంది. నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోండి. రోజూ బరువు చూసుకుని టెన్షన్ పడొద్దు, నీళ్లూ ఉప్పూ అటూ ఇటూ అయితేనే కిలో తేడా వస్తుంది.

కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. హన్మకొండ కోచింగ్ సెంటర్ల నుంచి మా జిమ్‌కు చాలామంది వస్తారు. 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. ట్రెడ్‌మిల్ మీద మాత్రమే పరిగెత్తి ఈవెంట్స్‌కు (దేహదారుఢ్య పరీక్షలకు) వెళ్లొద్దు. వారానికి మూడు రోజులు గ్రౌండ్‌లో మట్టి మీద పరుగు, రెండు రోజులు జిమ్‌లో కాళ్లు, భుజాలు. షాట్‌పుట్‌కు, లాంగ్‌జంప్‌కు ఆ రెండు రోజులు పనికొస్తాయి.

నలుగురితో కలిసి చేసేటప్పుడు

మిషన్ మీద ఎవరైనా ఉంటే పక్కన నిలబడి చూస్తూ ఉండకండి. "అన్నా, ఇంకెన్ని సెట్లు ఉన్నయ్? మధ్యల నేను గూడ చేయొచ్చా?" అని అడగండి. దాదాపు ఎవరూ కాదనరు. నాకు జిమ్‌లో దొరికిన స్నేహాలన్నీ ఈ ప్రశ్నతోనే మొదలయ్యాయి. వాడిన ప్లేట్లు తీసి స్టాండ్‌లో పెట్టండి. చెమట తుడవండి. మిషన్ మీద కూర్చుని ఫోన్ మాట్లాడకండి. బెంచ్ మీద పడుకుని రాడ్ ఎత్తే బెంచ్ ప్రెస్‌లో బరువు పెంచేటప్పుడు వెనక ఎవరినైనా నిలబడమనండి, ఎవరూ లేకపోతే ఆ రోజు డంబెళ్లతో చేయండి. రాడ్ ఛాతీ మీద ఉండిపోతే ఒక్కరే తీయలేరు.

ఎవరైనా తప్పుగా చేస్తున్నారనిపిస్తే ట్రైనర్‌కు చెప్పండి. మీరే వెళ్లి సరిదిద్దకండి, ముఖ్యంగా పరిచయం లేని ఆడవాళ్ల దగ్గరికి. మీరు వీడియో తీసుకుంటుంటే వెనక ఎవరూ పడకుండా చూసుకోండి.

అక్కాచెల్లెళ్లకు

మా చెల్లె ఇద్దరు పిల్లల తల్లి. జిమ్ అనగానే "మగవాళ్ల లెక్క కండలు వస్తయేమో అన్నా" అంది. రావు. అంత కండకు కావలసిన టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ ఆడవాళ్ల ఒంట్లో చాలా తక్కువ. వచ్చేది బలం, నిటారుగా నిలబడే నడుము, వయసు మీద పడ్డాక విరగని ఎముక. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరి ఎత్తింది మొత్తం 240 కిలోలు. మన పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. బలం ఆడవాళ్లది కాదనే మాట మన ఇళ్లలో ఇక వినపడకూడదు.

కొన్ని జిమ్‌లలో లేడీస్ బ్యాచ్ వేరుగా ఉంటుంది. ఆ వేళ ఆడ ట్రైనర్ ఉంటుందా, సీసీ కెమెరా ఎక్కడెక్కడ ఉంది, బట్టలు మార్చుకునే గదికి లోపల గడియ ఉందా అని చేరకముందే చూడండి. చున్నీ, విప్పిన జుట్టు కేబుల్ మిషన్లలో ఇరుక్కుంటాయి, ముడి వేసుకోండి. నెలసరి రోజుల్లో చేయగలిగితే చేయొచ్చు, ఓపిక లేకపోతే నడక చాలు. కాన్పు తర్వాత డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టండి. ఎవరైనా ఇబ్బంది పెడితే ఊరుకోవద్దు, పోలీసుల షీ టీమ్స్ ఉన్నది అందుకే. మా చెల్లె ఇప్పుడు పిల్లల్ని బడికి పంపి పదింటికి వెళ్తుంది. గ్యాస్ సిలిండర్ జరపడానికి ఎవరినీ పిలవడం లేదు.

తిండి

మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. బరువులు ఎత్తేవారికి 1.2 నుంచి 1.6 గ్రాములు ఉంటే బాగుంటుంది. అరవై కిలోల మనిషికి ఇది 72 నుంచి 96 గ్రాములు. మన వంటింట్లోనే దొరుకుతుంది. ఒక గుడ్డులో 6 గ్రాములు. 50 గ్రాముల పెసర్లు నానబెట్టి గుడాలు (గుగ్గిళ్లు) చేసుకుంటే 12 గ్రాములు. గుప్పెడు పల్లీల్లో 7. గ్లాసు పాలల్లో 8. వంద గ్రాముల పచ్చి చికెన్‌లో 22. మాంసం తినని వారు 50 గ్రాముల మీల్‌మేకర్ వండుకుంటే దాదాపు 25 గ్రాములు. అన్నం మానేయాల్సిన పనిలేదు. కంచంలో అన్నం కాస్త తగ్గించి పప్పు, గుడ్డు పెంచండి. మనకు లోపం జరిగేది పొద్దున టిఫిన్ దగ్గర: ఇడ్లీ, పూరీ, ఉప్మాల్లో ప్రోటీన్ తక్కువ. పక్కన రెండు ఉడికించిన గుడ్లు చేరిస్తే చాలు. పొద్దున్నే ఖాళీ కడుపుతో చేయలేనివారు అరటిపండు తినండి, ఎండాకాలంలో ఉప్పేసిన జొన్న అంబలి ఒక గ్లాసు తాగి వెళ్లండి.

ప్రోటీన్ పొడి తప్పనిసరి కాదు. కండల కోసం వాటి జోలికి వెళ్లొద్దనే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. కొనాలనే అనుకుంటే డబ్బా మీద ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ చూసి, బిల్లుతోనే కొనండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

ఇక అసలు భయపడాల్సింది ఇది. పేరు రాయని గోలీలు, "నెలలోనే బాడీ వస్తది తమ్మీ" అంటూ ఇచ్చే ఇంజెక్షన్లు. అవి స్టెరాయిడ్లు. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే ఒళ్లు తన సొంత టెస్టోస్టిరాన్ తయారీ ఆపేస్తుంది. వృషణాలు చిన్నవైపోతాయి, పిల్లలు పుట్టడం కష్టమవుతుంది. గుండె కండరం మందమవుతుంది, గోలీలైతే కాలేయం దెబ్బతింటుంది. డిగ్రీ చదివే పిల్లలు చిట్టీ డబ్బులు పెట్టి ఇవి కొనుక్కుంటున్నారని విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ట్రైనర్ ఎంత దగ్గరివాడైనా, ఈ మాట ఎత్తిన రోజే ఆ జిమ్ వదిలేయండి. కట్టిన ఫీజు పోయినా సరే. మీ ఇంట్లో పిల్లలు జిమ్‌కు వెళ్తుంటే అరవకుండా కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడండి.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోతారు. బతుకమ్మ, దసరాకు ఊరికి వెళ్తారు. మేడారం జాతర వస్తుంది. వానాకాలంలో డెంగీయో చికున్‌గున్యానో వచ్చి నెల పడకేస్తారు. నాకు రెండేళ్ల కింద జ్వరంతో ఐదు వారాలు పోయాయి. తిరిగి వెళ్లిన రోజు నోట్‌బుక్‌లో చివరిసారి రాసిన బరువే ఎత్తబోయాను, ట్రైనర్ అన్న చేయి పట్టుకుని ఆపాడు.

వారం ఆగితే పాత బరువుతోనే, ఒక సెట్ తగ్గించి మొదలుపెట్టండి. నెల ఆగితే సగం బరువుతో మొదలుపెట్టి, మూడు వారాల్లో మెల్లగా పెంచండి. పోయిన బలం మొదటిసారి కంటే త్వరగా తిరిగి వస్తుంది. జ్వరం తగ్గాక కీళ్ల నొప్పులు పోయి, తిండి మామూలుగా సహించేదాకా నడకే చేయండి. డెంగీ వచ్చినవారు డాక్టర్‌ను అడిగాకే బరువుల దగ్గరికి వెళ్లండి. తిరిగి వెళ్లే మొదటి రోజు ఏమీ ఎత్తకపోయినా ఫర్వాలేదు. బూట్లు వేసుకుని, పది నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిచి, నోట్‌బుక్‌లో ఆ రోజు తేదీ రాసి ఇంటికి రండి.